గడ్డం బనీను

షేవింగ్ క్రీము ప్రకటనలో కనిపించే మగవాణ్ణి నేనింతవరకూ ఏ తెలుగింట్లోనూ చూడలేదు. నడుముకి తెల్లటి టర్కీ తువ్వాలు. పైన ఏమీ ఉండదు, ఆ ఛాతీ మీద వెంట్రుక కూడా ఉండదు. బుగ్గ మీద నురగ కుంచెతో దిద్దినంత ఒద్దికగా నిలబడి ఉంటుంది గానీ ఒక్క బొట్టు కిందికి జారదు. ఒకే ఒక గీత గీసి, అద్దంలోకి చూసి నవ్వుతాడు. వెనకనుంచి ఒకావిడ వచ్చి ఆ చెంప నిమురుతుంది. మన ఇళ్లలో ఆ వేళకి వెనకనుంచి వచ్చేది చెయ్యి కాదు, మాట. "నీళ్లు చల్లారిపోతున్నాయండీ, ఇంకా ఎంతసేపు?"

పెళ్లికో రకం బట్టలు, ఆఫీసుకో రకం, గుడికో రకం. పడుకోవడానికి కూడా ఇప్పుడు జత బట్టలు కొంటున్నారు. గడ్డం గీసుకోవడానికి మాత్రం ఏ కొట్టువాడూ బట్టలు అమ్మడు, ఏ మగవాడూ అడగడు. అందుకని దానికి ప్రత్యేకంగా దుస్తులేమీ లేవనుకుంటాం. ఉన్నాయి. మా ఇంట్లో వాటికి పేరు కూడా ఉంది, గడ్డం బనీను. పేరు పెట్టింది మా ఆవిడ.

బనీనుకి ఇంట్లో ఒక సర్వీసు ఉంటుంది. ప్రభుత్వోద్యోగిది పైకి పోతుంది, దీనిది కిందికి వస్తుంది, అంతే తేడా. కొత్తలో చొక్కా కింద ఆఫీసుకి వెళ్తుంది. మెడ సాగి చొక్కా పై గుండీ దగ్గర తొంగిచూడటం మొదలుపెట్టగానే ఇంటి వాడకానికి వచ్చేస్తుంది. భుజం కుట్టు వదిలి, వీపున ఆవగింజంత చిల్లులు పడ్డాక గడ్డానికి. ఆ తర్వాత స్కూటరుకి, ఫ్యాను రెక్కలకి. ఆఖరి మజిలీ వంటింట్లో, మసిగుడ్డగా. ఏ బనీను ఎప్పుడు ఏ మెట్టు దిగాలన్నది తొడుక్కునేవాడి చేతిలో లేదు. దండెం మీద ఆరేసేటప్పుడు మా ఆవిడ దాన్ని రెండు చేతులతో వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తుంది. అక్కడ తేలిపోతుంది దాని జాతకం.

ఇప్పుడు నా దగ్గరున్నది చేతుల్లేనిది, తిరుప్పూరు సరుకు. మెడ వెనక కంపెనీ పేరున్న ముక్క ఎప్పుడో ఊడిపోయింది. ముందువైపు మెడ అంచు వంద ఉతుకుల తర్వాత సొట్టలు పోయి, ఎడమవైపు కాస్త ఎక్కువ జారింది. తుండు ఎప్పుడూ ఆ భుజం మీదే వేసి లాగుతుంటాను కనక. కుడివైపు కాలరెముక దగ్గర రెండు గోధుమరంగు చుక్కలున్నాయి. రక్తం. రక్తపు మరకని వెంటనే చన్నీళ్లలో జాడిస్తే వదిలిపోతుంది. వేడి తగిలితే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి దారాన్ని పట్టుకుని కూర్చుంటాయి. గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకున్నవాడి ఎదురుగా ఉండేది వేణ్ణీళ్ల మగ్గే. కంగారుగా ఆ నీళ్లే తీసి అద్దుతాడు. అందుకే మగవాళ్ల బనీన్ల మెడల దగ్గర ఆ చుక్కలు శాశ్వతంగా ఉండిపోతాయి.

నురగ సంగతి కూడా చెప్పాలి. బుగ్గల మీద గీస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. గడ్డం కిందికి వచ్చేసరికి తల వెనక్కి వాల్చాలి, చర్మం బిగపట్టాలి. అప్పుడు బ్రష్షు వదిలిన నీళ్లు, సగం కరిగిన నురగ, అందులో చిక్కుకున్న వెంట్రుకలు అన్నీ కలిసి గొంతు మీదుగా దిగి, మెడ గుంటలో ఒక్క క్షణం ఆగి, బనీనులోకి జారుకుంటాయి. గోరువెచ్చగా మొదలై, బొడ్డు చేరేసరికి చల్లబడతాయి. ఆ సమయంలో ఆ మనిషిని కదిలించి లాభం లేదు. ఒక చేతిలో రేజరు, ఇంకో చేతి వేళ్లతో చెంప. గీకవలసిన చోట గీక్కోవడానికి మూడో చెయ్యి ఉండదు.

కాబట్టి బనీను నురగని ఆపడానికేనని ఎవరైనా అనుకుంటారు. చాలాకాలం అందరం అలాగే అనుకున్నాం. కానీ నురగే కారణమైతే ఏమీ వేసుకోకపోవడమే తెలివైన పని, ఒళ్లు తుడుచుకుంటే పోతుంది. మా నాన్నగారి పద్ధతి గుర్తు చేసుకుంటే అసలు కారణం వేరే అనిపిస్తుంది.

ఆయన గడ్డం వసారాలో జరిగేది. పెరట్లోని స్నానాలగదిలో వెలుతురు లేదు, అద్దం తగిలించడానికి మేకు లేదు. అందుకని వసారా కిటికీ ఊచకి ఎర్ర ప్లాస్టిక్ చట్రం అద్దం దారంతో వేలాడేది. గాలికి అది తిరిగిపోకుండా కింద ఒక మడత పెట్టిన అట్టముక్క. కిటికీ గూట్లో సరంజామా అంతా వరసగా ఉండేది. రెండంచుల బ్లేడు బిగించే రేజరు, భారత్ బ్లేళ్ల పొట్లం, జీతాల వారంలో అయితే సెవెనోక్లాక్, తోకనుంచి చుట్టుకుంటూ వచ్చిన గోద్రెజ్ క్రీము ట్యూబు, పటిక ముక్క, స్టీలు గ్లాసులో వేణ్ణీళ్లు. బ్లేడుకంటిన నురగ తుడవడానికి నలుచదరంగా చించిన పాత పేపరు. రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు.

ఒంటి మీద గళ్ల లుంగీ, చేతుల బనీను, ఎడమ భుజాన తుండు. ఇంట్లో మామూలుగా ఆయన బనీను లేకుండానే తిరిగేవారు, ఎండాకాలమైతే మరీను. గడ్డానికి మాత్రం బనీను ఉండాల్సిందే. వసారా ఇల్లూ కాదు, వీధీ కాదు. పాలు పోసే ఆవిడ, పేపరబ్బాయి, ట్యూషనుకి వెళ్తున్న ఎదురింటి అమ్మాయి, అందరూ అటునుంచే పోవాలి. లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టేది కూడా లేదు. మా పిన్ని ముగ్గుగిన్నెతో గుమ్మంలోకి వచ్చిందంటే భుజం మీది తుండు దానంతటదే విచ్చుకుని ఛాతీ మీదికి వచ్చేది. ఎదురింటి మాస్టారు ఆగి, "ఏమండోయ్, సెలవుపూట గడ్డం! ఎక్కడికో?" అనేవారు. సెలవురోజు గడ్డం వీధికి వార్త. పెళ్లిచూపులో, పరామర్శో, పైఆఫీసరు రాకో ఏదో ఉంటేనే కదా. నాన్నగారు నురగ నోట్లోకి పోకుండా పెదవి ఓ పక్కకి లాగి, ఆ సందులోంచి జవాబు చెప్పేవారు. ఆ జవాబు మాస్టారికి తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు.

బనీను వీధి కోసం. మొహం అప్పటికే బయటికి బయల్దేరింది, ఒళ్లు ఇంకా ఇంట్లోనే ఉంది. ఆ కాసేపు మనిషి సగం సగంగా ఉంటాడు, బట్టలూ అలాగే సగం సగంగా ఉంటాయి.

మా తాతగారికి ఈ బాధ లేదు. ఆయన తన గడ్డం తను ఎప్పుడూ గీసుకోలేదు. వారానికోసారి క్షురకుడు పొది చంకన పెట్టుకుని పెరటి దారిన వచ్చేవాడు. వేపచెట్టు కింద ఇద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చునేవారు. ఇత్తడి గిన్నెలో నీళ్లు, సాన మీద కత్తి నూరే చప్పుడు. తాతగారి ఒంటి మీద మోకాలు దాటని ఓ పాత గావంచా తప్ప ఏమీ ఉండేది కాదు. దీని వెనక పూర్తిగా లెక్కే ఉంది. క్షవరమయ్యాక స్నానం చేసేదాకా మైల. ఒంటి మీద ఎన్ని గుడ్డలుంటే అన్నీ తడపాలి. మనిషి ఇంట్లోకి రాకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, తిన్నగా నూతి దగ్గరికి పోవాలి. తక్కువ గుడ్డలుంటే తక్కువ తడుపు. మంగళవారం కూడదు, శుక్రవారం కూడదు, అమావాస్య కూడదు. ఈనాటికీ మన ఊళ్లలో సెలూన్లు చాలావరకు మంగళవారమే మూసేస్తారు.

ఆ వేపచెట్టు నీడ గురించి ముచ్చటగా రాయాలని చాలామందికి ఉంటుంది. నాకు లేదు. ఆ మైల లెక్కలో పని చేయించుకున్నవాడు ఒక స్నానంతో బయటపడేవాడు, పని చేసినవాడు మాత్రం జన్మంతా అందులోనే ఉండిపోయేవాడు. పెళ్లికీ చావుకీ అతను లేందే గడవని ఊరు, అతణ్ణి వీధి గుమ్మంలోంచి రమ్మనలేదు.

నిజానికి ఎవరి గడ్డం వాళ్లు ఇంట్లో గీసుకోవడం మనకి మరీ పాత అలవాటేమీ కాదు. గాంధీగారు ఆత్మకథలో ఓ మాట అంటారు. ఇంగ్లండు వెళ్లిన ప్రతి భారతీయుడూ అక్కడ గడ్డం గీసుకోవడమైనా నేర్చుకుంటాడట, జుట్టు కత్తిరించుకోవడం మాత్రం తనకి తెలిసి ఎవరూ నేర్చుకోలేదట. అంటే ఆ రోజుల్లో సొంతంగా గడ్డం గీసుకోవడం సముద్రం దాటి నేర్చుకునే విద్యల్లో ఒకటన్నమాట. ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు తన జుట్టు ముట్టుకోనంటే ఆయన క్లిప్పర్లు కొని, అద్దం ముందు నిలబడి ఆ రెండో విద్య కూడా ప్రయత్నించారు. ముందువైపు కాస్త కుదిరింది, వెనక పాడైంది, కోర్టులో స్నేహితులు పగలబడి నవ్వారు. అప్పుడు ఆయన ఏం వేసుకుని కత్తిరించుకున్నారో రాయలేదు. మహాత్ములు కూడా వదిలేసిన విషయమిది.

మడతకత్తితో సొంత గొంతు గీసుకోవడానికి గుండె నిబ్బరం కావాలి. ఆ భయం తీర్చినవాడు అమెరికాలో కింగ్ కాంప్ జిలెట్. పారేసే పల్చని బ్లేడు, దానికి కాపుగా ఓ దువ్వెన అంచు. అమ్మకం మొదలుపెట్టిన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్లు. 1918కి వచ్చేసరికి అమెరికా సైన్యం తన సిపాయిల కోసం 35 లక్షల రేజర్లు తీసుకుంది. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన మగవాడు రేజరు జేబులో పెట్టుకుని వచ్చాడు. అలా బార్బరు కుర్చీలోంచి పని అద్దం ముందుకి మారింది. క్షురకుడు ఉన్నంతకాలం మెడ చుట్టూ గుడ్డ కప్పడం, దులపడం, తుడవడం అతని బాధ్యత. రేజరు చేతికొచ్చిన రోజునుంచి ఏం కట్టుకోవాలన్నది మగవాడి సొంత తలనొప్పి అయింది.

చలిదేశాల్లో ఇది ఇంకోలా తేలింది. అక్కడ గడ్డానికీ స్నానానికీ లంకె లేదు. పడకగదిలో కూజాతో వేణ్ణీళ్లు తెచ్చిపెడితే, గిన్నెలో పోసుకుని అక్కడే కానిచ్చేవారు. బట్టలు విప్పితే వణుకు. పాత యుద్ధాల ఫొటోల్లో సిపాయిలు కాలరు లేని చొక్కాతో, ప్యాంటు పట్టీలు భుజాల మీంచి దింపి నడుము దగ్గర వేలాడేసుకుని, చెట్టుకో బండి చక్రానికో ఆనించిన అద్దంలోకి వంగి చూస్తుంటారు. అంతకు ముందు, 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండు, హాలండు పెద్దమనుషులు పొద్దుటిపూట ఇంట్లో వదులైన పొడుగు గౌను తొడుక్కుని, విగ్గు కోసం గొరిగించుకున్న తల మీద మెత్తని టోపీ పెట్టుకుని, గడ్డంతో సహా పనులన్నీ ఆ వేషంలోనే ముగించేవారు. ఆ గౌనుకి అప్పట్లో ఎంత మోజంటే, లండన్‌లో దినచర్య రాసిపెట్టుకుని పేరుపొందిన శామ్యూల్ పెపీస్ 1666లో తన బొమ్మ వేయించుకోవడానికి అలాంటిది ఒకటి అద్దెకి తెచ్చుకున్నాడు. వాటిలో మేలైనవి కొన్ని కోరమాండల్ తీరపు అద్దకం బట్టతో కుట్టినవి. మన మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు కొఠీ తెరిచింది 1611లో, ఆ రంగుల బట్టల కోసమే. ఇక్కడి అద్దకంవాళ్లు పూలూ లతలూ వేసి ఓడలెక్కించిన గుడ్డలో లండన్ పెద్దమనిషి వెచ్చగా గడ్డం చేయించుకుంటుంటే, ఇక్కడి పెద్దమనిషి గావంచాతో వేపచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. ఎవరి వాతావరణం వాళ్లది. మనకి గడ్డం స్నానానికి మొదటి అంకం, ఎలాగూ తడవబోయేవాడికి గౌనెందుకు?

తర్వాత ఫ్లాట్లు వచ్చాయి. స్నానాలగది ఇంట్లోకి వచ్చింది, అద్దం పైన ట్యూబులైటు వచ్చింది, వాష్‌బేసినొచ్చింది. వసారా అయితే అసలు లేకుండానే పోయింది. తలుపు గడియ పడింది. ఇక అక్కడ ఎవరేం వేసుకుంటున్నారో భగవంతుడికి తెలియాలి. ఈ మధ్య స్నేహితుల్ని అడిగి చూశాను. జీతం ఎంతో చెప్పేస్తారు, బీపీ ఎంతో చెప్పేస్తారు, ఈ ప్రశ్నకి మాత్రం తల తిప్పుకుంటారు. కరీంనగర్ మిత్రుడొక్కడే దాపరికం లేకుండా, "తువ్వాల సుట్టుకుంట, గంతే. ఇంకేముంటదే?" అన్నాడు. రిటైరైన బ్యాంకు మేనేజరొకాయనది వేరే సంప్రదాయం. ఆయన స్నానమయ్యాక గీసుకుంటారట, ఇస్త్రీ ప్యాంటు, ఉతికిన తెల్ల బనీనుతో. వేడినీళ్లకి వెంట్రుక నాని మెత్తబడుతుంది కనక బ్లేడు హాయిగా నడుస్తుందని ఆయన వాదన. వాదన సరైనదే. కానీ స్నానం చేసిన ఒంటి మీద మళ్లీ గడ్డం గీతలేమిటని వాళ్లమ్మగారు బతికున్నన్నాళ్లూ సణిగారట. మూడోవాడు, "నీకు వేరే పనేం లేదట్రా?" అని ఫోను పెట్టేశాడు. అతనేమీ వేసుకోడని నా అనుమానం.

డాలస్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లుండి వచ్చిన మా వీధి పెద్దాయన చెప్పింది నాకు బాగా నచ్చింది. అక్కడి బాత్రూంలో తొట్టికి తప్ప నేలకి తూము లేదు. గడ్డమయ్యాక చెంబుతో మొహాన నాలుగు దోసిళ్లు కొట్టుకోవడం ఆయన అలవాటు. మొదటిరోజే కింది గది కప్పు మీద చెమ్మ తేలింది, కోడలు కంగారు పడింది, కొడుకు నెమ్మదిగా, "నాన్నా, బేసిన్ మీదికి వంగి..." అన్నాడు. ఆ మర్నాటినుంచి ఆయన లుంగీ మోకాళ్ల పైకి బిగించి, బనీను మీద కొడుకు పాత టీషర్టు తొడిగి, జీవితంలో మొదటిసారి తుండుని భుజం మీద కాక కాళ్ల కింద పరుచుకున్నారు. "అరవయ్యేళ్లు భుజానున్నది, పాదాల కిందికి దిగింది. అమెరికా అంటే అదేనండీ!" అని నవ్వారు.

గడ్డం బనీనుకి సెలవులూ ఉంటాయి. అయ్యప్ప మాల వేసుకుంటే మండలం నలభై ఒక్క రోజులూ రేజరు ముట్టుకోకూడదు, చాలామంది నల్లబట్టలే కడతారు. భార్య నీళ్లోసుకుంటే గడ్డం పెంచేవాళ్లు ఇంకా ఉన్నారు. శబరిమల నుంచి దిగిన మర్నాడు మాత్రం దానికి నడుం విరిగే పని. ఆ గడ్డం ఒక బ్లేడుకి లొంగదు.

ఇప్పుడు మా అబ్బాయి కాలం. వాడికి బ్లేడుతో పనిలేదు, నురగతో పనిలేదు, పొద్దుటితో అసలు పనిలేదు. రాత్రి పదకొండింటికి గుర్తొస్తే అప్పుడే ట్రిమ్మరు ఆన్ చేస్తాడు, కుళాయికి ఫోను ఆనించి అందులో ఏదో చూస్తూ. పైన ఏమీ వేసుకోడు. ముత్తాతగారి మైల లెక్క వాడికి తెలియదు, వాడి కారణం వేరు. నురగలో తెగిన వెంట్రుక నురగతోపాటే కొట్టుకుపోతుంది. ట్రిమ్మరు పొడిగడ్డం మీద నడుస్తుంది కనక, గరుకుగా తెగిన ముక్కలు నాలుగు వైపులా ఎగురుతాయి. అవి బనీను అల్లికలోకి దిగబడితే జాడించినా రావు, మర్నాడంతా గుచ్చుతూనే ఉంటాయి. ఇన్నేళ్లు నురగకి తట్టుకున్న నూలు బనీను ట్రిమ్మరు దగ్గర ఓడిపోయింది.

వాడు వెళ్లాక వాష్‌బేసినంతా నల్లటి నూగు. దాని మీద మా ఇంట్లో చాలా రోజులు చర్చ నడిచింది. మా ఆవిడ నా గడ్డం బనీనుని బేసిన్‌లో పరవమంది. అది ఇంకా సర్వీసులో ఉందని నేను అడ్డుపడ్డాను. చివరికి మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాడు. గడ్డం ఏప్రన్ అట. మెడకి కట్టుకునే పెద్ద గుడ్డ, దాని కింది కొసలకి రెండు రబ్బరు గిన్నెలు. వాటిని అద్దానికి అదిమితే అతుక్కుని, గుడ్డ ఉయ్యాలలా వేలాడుతూ రాలిన వెంట్రుకల్ని పడుతుంది. గడ్డం కోసమే కుట్టిన బట్ట ఇంతకాలానికి మా ఇంటి గుమ్మం తొక్కింది. వాడు కట్టుకుని చూపించాడు. మెడనుంచి అద్దం దాకా గుడ్డ బిగుసుకుని, వెనక్కి అడుగు వేస్తే అద్దంతో సహా వచ్చేట్టున్నాడు. రబ్బరు గిన్నె ఒకటి మధ్యలో టప్పున ఊడింది, అప్పటిదాకా పట్టినదంతా వాడి పాదాల మీద పోసింది.

మా ఆవిడ దాన్ని తీసి, దులిపి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. కుళాయి కింద ఓ మూల తడిపింది. నీళ్లు ముత్యాల్లా నిలిచి జారిపోయాయి. "పాలిస్టరు. తడి పీల్చదు. రేపు పాతబడ్డాక స్కూటరు తుడవడానిక్కూడా పనికిరాదు" అని వాడి చేతికిచ్చేసింది. "రిటర్నుంటే పంపించెయ్."